'అయితే' అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం



హాస్టల్‌లో చేరిన రోజు నుంచి వెళ్ళిపోయే రోజు దాకా మన చెవిన పడే మాటల్లో సగం షరతులే. హాజరు 75 శాతం ఉంటేనే స్కాలర్‌షిప్. టైము దాటితే గేటు వేస్తారు. ఆధార్ లింకు కాకపోతే డబ్బు పడదు. బాగా చదివితే బాగుపడతావు. ఇంగ్లీషు రాకపోతే పనికిరావు. మన బతుకంతా ఇలా 'అయితే'ల మీద, 'కాకపోతే'ల మీద నడుస్తూ ఉంది. మరి అలాంటి మాట ఒకటి విన్నప్పుడు దాని నుంచి ఏది తేలుతుంది, ఏది తేలదు అని మనల్ని ఎవరైనా ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పారా? లెక్కలు చెప్పారు, సైన్సు చెప్పారు, చరిత్ర చెప్పారు. ఇది మాత్రం చెప్పలేదు. ఎవరికి వారికే వస్తుందిలే అనుకున్నారు. రాదు. నేర్చుకుంటేనే వస్తుంది.

ఇది రాస్తున్న మేము ఇదే హాస్టల్‌లో చదువుకుని ఇప్పుడు పీజీ చేస్తున్నవాళ్ళం. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అంటే మా చేతికి వచ్చిందే మొదటిది. మేము తర్కశాస్త్ర పండితులం కాము. కానీ హాస్టల్ పిల్లలకు మెస్‌లో అన్నం ఎంత అవసరమో, మాటను విడదీసి చూసే అలవాటు కూడా అంతే అవసరమని మా గట్టి అభిప్రాయం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

బోరు మోటారు చెప్పే పాఠం

అందరికీ తెలిసిన విషయంతోనే మొదలుపెడదాం. "కరెంటు పోతే మోటారు ఆగుతుంది." ఇది నిజమే కదా. ఈ ఒక్క మాట చేతిలో పెట్టుకుని నాలుగు రకాలుగా ముందుకు పోవచ్చు.

ఒకటి: కరెంటు పోయింది. కాబట్టి మోటారు ఆగింది. ఇది చెల్లుతుంది.

రెండు: మోటారు ఆగలేదు, నడుస్తూనే ఉంది. కాబట్టి కరెంటు పోలేదు. ఇదీ చెల్లుతుంది. పోయి ఉంటే ఆగి ఉండేది కదా.

మూడు: మోటారు ఆగింది. కాబట్టి కరెంటు పోయింది. ఇది చెల్లదు. స్టార్టర్ కాలి ఉండొచ్చు, ఫ్యూజు ఎగిరి ఉండొచ్చు, ఎవరో స్విచ్చి కట్టేసి ఉండొచ్చు.

నాలుగు: కరెంటు పోలేదు. కాబట్టి మోటారు ఆగలేదు. ఇదీ చెల్లదు. కారణం మళ్ళీ అదే. కరెంటు ఉన్నా స్టార్టర్ కాలితే మోటారు ఆగుతుంది.

అంతే. మొత్తం పాఠం ఇదే. నాలుగు దారులు ఉన్నాయి, రెండు ఊరికి పోతాయి, రెండు పోవు. గ్రీకు దేశంలో క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలోనే క్రిసిప్పస్ మొదలైన స్టోయిక్ తాత్వికులు ఈ మొదటి రెండు దారులను వేరే రుజువు అవసరం లేని మూల సూత్రాలుగా పెట్టుకున్నారు. మన సీనియర్లకు గుర్తుండే ఉంటుంది, పాత సిలబస్ పదో తరగతి లెక్కల్లో 'ప్రవచనాలు - సమితులు' అని ఒక పాఠం ఉండేది. విపర్యయం, విలోమం, ప్రతివర్తితం అని బట్టీ పట్టించేవారు. ఆ పెద్ద పేర్ల వెనక ఉన్నది ఈ మోటారు కథే అని విడమరిచి చెబితే, దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా వదిలేసే వాళ్ళం కాదేమో.

మూడో దారిలో పోతే నష్టం ఏమిటంటారా? స్టార్టర్ కాలిపోయినప్పుడు "కరెంటు రావాలి" అని బకెట్లు పట్టుకుని లైన్లో కూర్చుంటే సాయంత్రం దాకా నీళ్ళు రావు. తప్పు ముగింపు మనల్ని తప్పు చోట కాపలా కూర్చోబెడుతుంది. నీళ్ళ విషయంలో ఒక పూట పోతుంది. బతుకు విషయంలో ఏళ్ళు పోతాయి.

మన భాషలోనే ఉన్న పనిముట్టు

తర్కం అనగానే ఇంగ్లీషు పుస్తకం కావాలని భయపడనక్కరలేదు. ఈ తేడాలు చెప్పడానికి తెలుగులో చక్కని ఏర్పాటు ఉంది. ఒక్క అక్షరం మారితే చాలు, అర్థం తిరగబడుతుంది.

"అప్లికేషన్ పెడితే స్కాలర్‌షిప్ వస్తుంది" అన్నారనుకోండి. పెట్టడం చాలు అని అర్థం. దీన్ని లెక్కల వాళ్ళు పర్యాప్త నియమం అంటారు. "అప్లికేషన్ పెడితేనే వస్తుంది" అన్నారనుకోండి. చివర ఆ 'నే' చూడండి. పెట్టకపోతే రాదు అని మాత్రమే దాని అర్థం. పెడితే తప్పకుండా వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఇది ఆవశ్యక నియమం. "పెట్టినా రాలేదు" అన్నారనుకోండి. ఆ 'నా' వచ్చిందంటే మొదటి మాట పడిపోయినట్టే. తే, తేనే, నా. ఈ మూడూ పట్టుకుంటే సగం తర్కశాస్త్రం వచ్చినట్టే.

హాజరు సంగతే తీసుకోండి. "75 శాతం ఉంటేనే" అని నోటీసులో ఉంటుంది. మనం "75 శాతం ఉంటే" అని చదువుకుంటాం. హాజరు పూర్తయింది కాబట్టి డబ్బు వచ్చి తీరుతుందని ఇంటికి ఫోన్ చేసి చెప్పేస్తాం. ఇంటి దగ్గర నాన్న ఆ మాట మీద వడ్డీకి అప్పు తెస్తాడు. ఆదాయ ధ్రువీకరణ పత్రం, బ్యాంకు ఖాతా, కాలేజీ నుంచి వెరిఫికేషన్, బడ్జెట్ విడుదల అని ఇంకా ఎన్ని 'ఉంటేనే'లు వరసలో ఉన్నాయో చూసుకోం. ఒక అక్షరం చదవకపోవడం వల్ల ఎంత వడ్డీ!

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఏదో ఆఫీసు కౌంటర్ దగ్గర "ఈ లిస్టులో పేరు ఉంటే డబ్బు పడుతుంది, నీ పేరు లేదు, పో" అంటారు. ఇది మోటారు కథలో నాలుగో దారి. లిస్టులో ఉన్నవాళ్ళకు పడుతుందన్నారు గానీ లేనివాళ్ళకు పడదని ఆ మాటలో లేదు. రెండో విడత లిస్టు ఉండొచ్చు. పేరు తప్పు పడి ఉండొచ్చు. "సార్, ఇదే ఆఖరి లిస్టా? ఇందులో ఉంటేనే పడుతుందా?" అని అడగడం మన హక్కు. ఆ 'నే' అక్కడ ఉందో లేదో వాళ్ళ నోటితోనే చెప్పించాలి. మర్యాదగా అడగొచ్చు, కానీ అడగాలి.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఇంట్లో అమ్మ "అన్నం తింటే బెల్లం ముక్క పెడతా" అంటే, తినకపోతే పెట్టదని పిల్లాడికి తెలుసు. అమ్మ చెప్పని సగాన్ని వాడే పూరించుకుంటాడు. అది తప్పు కాదు, దగ్గరి మనుషుల మధ్య మాట అట్లాగే నడుస్తుంది. కానీ జీవోలో, నోటీసులో, పరీక్ష పేపర్లో, కోర్టు కాగితంలో చెప్పని సగాన్ని మనం పూరించకూడదు. ఎదుటివాడు పూరిస్తే ఊరుకోకూడదు.

నాలుగు కార్డులు, నలుగురు కుర్రాళ్ళు

ఇది మన పల్లెటూరి పిల్లల లోపం అనుకునేరు. ఎంత మాత్రం కాదు. 1966లో ఇంగ్లండులో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న పరీక్ష తయారుచేశాడు. మన అక్షరాల్లో చెప్పుకుందాం. బల్ల మీద నాలుగు కార్డులు ఉన్నాయి. ప్రతి కార్డుకు ఒక వైపు అక్షరం, రెండో వైపు అంకె. పైకి కనిపిస్తున్నవి: అ, క, 4, 7. "ఒక వైపు అచ్చు ఉంటే రెండో వైపు సరి సంఖ్య ఉంటుంది" అన్నది నియమం. నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి?

చాలామంది 'అ', '4' అంటారు. సరైన జవాబు 'అ', '7'. 4 వెనక హల్లు ఉన్నా నియమానికి నష్టం లేదు. 7 వెనక అచ్చు ఉంటే నియమం కూలుతుంది. ఇలాంటి ప్రయోగాల్లో కాలేజీ చదువులు చదివినవాళ్ళలో కూడా సరిగ్గా చెప్పేవాళ్ళు నూటికి పదిమంది దరిదాపుల్లోనే ఉంటున్నారు.

ఇప్పుడు అదే లెక్కను మన గేటు దగ్గరికి తెద్దాం. "రాత్రి బయట తిరుగుతుంటే అవుట్‌పాస్ ఉండాలి" అన్నది నియమం. నలుగురు కుర్రాళ్ళు ఉన్నారు. ఒకడు బయట తిరుగుతున్నాడు. ఒకడు రూములో పడుకున్నాడు. ఒకడి జేబులో పాస్ ఉంది. ఒకడి దగ్గర పాస్ లేదు. వాచ్‌మన్ ఎవరెవర్ని చూసుకోవాలి? మీరు ఆలోచించకుండానే చెప్పేస్తారు: బయట తిరిగేవాణ్ణి ఆపి పాస్ అడగాలి, పాస్ లేనివాడు ఎక్కడున్నాడో చూడాలి. మిగతా ఇద్దరి జోలికి పోనక్కరలేదు. చూశారా, ఇది అక్షరాలా ఆ కార్డుల లెక్కే! 1982లో అమెరికాలో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు ఇలాగే కార్డులకు బదులు "బీరు తాగుతుంటే 19 ఏళ్ళు దాటి ఉండాలి" అన్న నియమం పెట్టి అడిగితే, విద్యార్థుల్లో నూటికి 70 మందికి పైగా సరిగ్గా చెప్పారు.

దీన్నిబట్టి తెలిసేదేమిటి? బుర్రలో సత్తా ఉంది. తెలిసిన చోట పనిచేస్తుంది, తెలియని చోట తడబడుతుంది. గేటు దగ్గర పనిచేసే బుద్ధిని పరీక్ష హాలు దాకా, ఆఫీసు కౌంటర్ దాకా నడిపించుకుపోవడమే చదువు. బ్యాంకు పరీక్షల్లో, గ్రూప్స్‌లో, ఎస్సై పరీక్షల్లో రీజనింగ్ అంటే మనవాళ్ళు షార్ట్‌కట్‌ల కోసం కోచింగ్ సెంటర్లకు డబ్బు కడుతున్నారు. నాలుగు దారులు తెలిసినవాడికి షార్ట్‌కట్ అక్కరలేదు.

పొగ, నిప్పు, పుకారు

తర్కం మనకు పరాయి సొత్తూ కాదు. నిప్పు లేనిదే పొగ రాదని మన ఊళ్ళో ముసలమ్మ కూడా అంటుంది. మన దేశపు తర్కశాస్త్రం అంతా ఈ పొగ చుట్టూనే తిరిగింది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, ఉదాహరణకు వంటిల్లు. నిప్పు లేనిచోట పొగ ఉండదు, ఉదాహరణకు చెరువు. ఈ విడదీయరాని సంబంధాన్ని వ్యాప్తి అన్నారు. అయితే నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండును ఉదాహరణగా చూపించారు. నిప్పు ఉంది, పొగ లేదు. మన మెస్‌కు ఇనుప గుండు అక్కరలేదు. కట్టెల పొయ్యి రోజులు చూసిన సీనియర్లను, గ్యాస్ పొయ్యి ముందు నిలబడ్డ జూనియర్లను పక్కపక్కన పెడితే చాలు, వ్యాప్తి ఎటు నడుస్తుందో ఎటు నడవదో తెలుస్తుంది.

ఈ శాస్త్రాన్ని గొప్ప మలుపు తిప్పిన బౌద్ధ పండితుడు దిఙ్నాగుడు. సరైన హేతువుకు మూడు లక్షణాలు ఉండాలని పద్ధతిగా చెప్పినవాడు. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశం గురించి రాస్తూ, వేంగి దగ్గర ఒక కొండ మీది స్తూపం వద్ద దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రచించాడని పేర్కొన్నాడు. అంటే మన గోదావరి, కృష్ణల మధ్య నేల మీద తర్కం పుట్టి పెరిగిన రోజులున్నాయన్న మాట. ఇప్పుడు యూజీసీ నెట్ పేపర్-1లో కూడా 2019 జూన్ నుంచి ప్రమాణాలు, వ్యాప్తి, హేత్వాభాసాలు చేరాయి. కొత్తగా వచ్చిందని బెంబేలు పడనవసరం లేదు, మన పొగే అది.

కానీ ఈ సామెతను మనవాళ్ళు ఎక్కడ వాడుతున్నారో చూడండి. ఒక ఆడపిల్ల మీద ఎవడో ఒక మాట పుట్టిస్తాడు. అది ఊరు చేరుతుంది. "నిప్పు లేనిదే పొగ వస్తుందా?" అంటారు. అంతే, ఆ అమ్మాయి చదువు మానిపించి పెళ్ళి చూపులు మొదలుపెడతారు. సామెతలో తప్పు లేదు. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. కానీ నువ్వు చూసింది పొగే అని ఎవరు చెప్పారు? మంచు కావచ్చు, దుమ్ము కావచ్చు. మంచును చూసి పొగ అనుకునే ప్రమాదం గురించి మన తార్కికులు ఏనాడో హెచ్చరించారు. నోటి మాట పొగ కాదు. ఎవడు ఊదితే అటు లేచే దుమ్ము. ఈ ఒక్క తేడా తెలిసిన అన్న ఇంటికొకడు ఉంటే, మన చెల్లెళ్ళలో ఎంతమంది ఇవాళ చదువు కొనసాగిస్తూ ఉండేవారో ఆలోచించండి.

మన మీద విసిరే మాటలు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మనల్ని కించపరిచే మాటలు చాలా వరకు 'అయితే' రూపంలోనే వస్తాయి. వాటిని కోపంతో కొడితే మన చేతికే దెబ్బ. విడదీసి చూస్తే వాటంతట అవే ఊడిపోతాయి.

మొదటిది పాతది. "పూర్వజన్మలో పాపం చేస్తే తక్కువ కులంలో పుడతారు. మీరు అలా పుట్టారు. కాబట్టి పాపం చేశారు." మొదటి వాక్యం ఒప్పుకోవాల్సిన అవసరం మనకు లేదు. దానికి రుజువూ లేదు. అయినా ఒక్క నిమిషం వాదన కోసం ఒప్పుకుందాం. ముగింపు వస్తుందా? రాదు. ఇది మోటారు ఆగింది కాబట్టి కరెంటు పోయింది అన్న మూడో దారే. శతాబ్దాల పాటు మన తాతల మెడలు వంచిన వాదానికి, దాని సొంత మాటల మీద కూడా నిలబడే ఓపిక లేదు.

రెండోది కొత్తది. "నువ్వు ఎస్సీ అయితే నీది రిజర్వేషన్ సీటే." కాలేజీలో మొదటి రోజు ర్యాంకు ఎంత అని అడగకుండానే ఈ ముగింపుకు వచ్చేస్తారు. ఇక్కడ మొదటి మాటే తప్పు. ఓపెన్ కేటగిరీ ఎవరి కోటా కాదు, అది అందరిదీ. ఓపెన్‌లో మార్కులతో ఎంపికైన రిజర్వుడు అభ్యర్థిని కోటా కింద లెక్కపెట్టకూడదని 1992లో ఇంద్రా సహానీ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం స్పష్టం చేసింది. ఇక రిజర్వేషన్‌లో సీటు వచ్చిన మాటే నిజమైనా సిగ్గుపడేదేమీ లేదు. అది రాజ్యాంగం ఇచ్చిన హక్కు. పైగా కొందరికి తక్కువ కటాఫ్‌తో సీటు వచ్చిందన్న మాట నుంచి, ఎదురుగా నిలబడ్డ ఈ కుర్రాడికి తక్కువ మార్కులు అన్న ముగింపు రాదు.

మూడోది అన్నిటికంటే కష్టమైనది. ఎందుకంటే ఇది మన మేలు కోరేవాళ్ళు కూడా అంటారు. "కష్టపడితే పైకి వస్తారు. మీవాళ్ళు పైకి రాలేదు. కాబట్టి మీవాళ్ళు కష్టపడలేదు." మిత్రులారా, జాగ్రత్తగా చూడండి. ఈ వాదనకు రూపంలో తప్పు లేదు! ఇది రెండో దారి, చెల్లే దారి. అందుకే చాలామంది హాస్టల్ పిల్లలు ఈ మాట దగ్గర తల వంచుకుంటారు. నాన్న సోమరేమో, తాత సోమరేమో అని లోపల ఎక్కడో అనుమానం మొదలవుతుంది.

తల వంచక్కరలేదు. వాదన చెల్లడం వేరు, అందులోని మాట నిజం కావడం వేరు. దారి మంచిదే, బయలుదేరిన చోటే తప్పు. ఒక 'అయితే' మాటను పడగొట్టడానికి ఏం కావాలి? మొదటి సగం జరిగి, రెండో సగం జరగని సందర్భం ఒక్కటి చాలు. వెయ్యి అక్కరలేదు. తెల్లవారకముందే లేచి, మోకాలి లోతు బురదలో రోజంతా వంగి నాట్లు వేసి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించిన అమ్మను తలుచుకోండి. కష్టపడిందా? పడింది. పైకి వచ్చిందా? రాలేదు. అయితే పడిపోవాల్సింది అమ్మ కాదు, ఆ సూత్రం. కష్టపడినా రాలేదు. ఆ 'నా' చాలు, ఎంతటి సూత్రాన్నయినా కూల్చడానికి.

అలాగని కష్టపడి లాభం లేదని తేల్చేయకండి. అదీ తప్పు ముగింపే. కష్టం ఒక్కటే చాలదు అని మాత్రమే తేలింది. కష్టానికి భూమి తోడు కావాలి, చదువు తోడు కావాలి, అవకాశం తోడు కావాలి. అమ్మకు కష్టం ఒక్కటే దొరికింది. మనకు కష్టంతో పాటు ఈ హాస్టల్ దొరికింది.

మనలో మనం అనుకునే మాటలు

బయటివాళ్ళను మాత్రమే విమర్శిస్తే న్యాయం కాదు. "ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుంది" అంటారు. "నాకు ఇంగ్లీషు రాదు, కాబట్టి ఉద్యోగం రాదు" అని మనవాళ్ళు కొందరు ఇంజనీరింగ్ ఫస్టియర్‌లోనే పెట్టె సర్దుకుని ఊరికి పోతున్నారు. నాలుగో దారి! మొదటి మాట నిజమే అనుకున్నా, ఉద్యోగానికి వేరే దారులు లేవని అందులో ఎక్కడుంది? తెలుగు మీడియంలో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన మన సీనియర్లు ఈ వార్షికోత్సవానికి వస్తూనే ఉన్నారు కదా. ఇంగ్లీషు నేర్చుకోవాలి, సందేహం లేదు. కానీ రాలేదని చదువు మానడానికి తర్కం ఒప్పుకోదు.

ఇంకొకటి. "మన మేలు కోరేవాడు మన వాడకు వస్తాడు. ఫలానా నాయకుడు వచ్చాడు. కాబట్టి మన మేలు కోరేవాడు." ఇది మూడో దారి. ఎన్నికలు వచ్చినా వాడకు వస్తారు. జయంతికి దండ వేసినవాళ్ళందరూ మనవాళ్ళు కారు, వేయనివాళ్ళందరూ పరాయివాళ్ళూ కారు. ఎవరు ఏం చేశారో చూసి తేల్చుకోవాలి.

అంబేడ్కర్ చేతిలో ఇదే ఆయుధం

1936లో లాహోర్‌లోని జాత్ పాత్ తోడక్ మండల్ సభ కోసం రాసి, సభ రద్దయ్యాక తానే అచ్చు వేయించిన 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ వాదించిన తీరు చూడండి. ఒక దేశం మరో దేశాన్ని పాలించడానికి తగదన్న మిల్ సూత్రాన్ని కాంగ్రెస్‌వాదులు అప్పట్లో తరచూ చెప్పేవారు. ఆ సూత్రం ఒప్పుకునేవాళ్ళు ఒక వర్గం మరో వర్గాన్ని పాలించడానికి తగదని కూడా ఒప్పుకోక తప్పదని ఆయన చూపించారు. కొత్త సూత్రం ఏదీ తేలేదు. ఎదుటివాళ్ళ సూత్రాన్నే తీసుకుని, అది ఎంతవరకు పోతుందో అంతవరకు వాళ్ళను నడిపించారు. అంతకు ముందు 1883లో జ్యోతిరావు ఫూలే 'షేత్కర్యాచా ఆసూడ్'లో చదువు లేకపోవడం దగ్గర మొదలుపెట్టి శూద్రుల పతనం దాకా ఒకదాని వెనక ఒకటిగా కారణాల గొలుసు అల్లారు. ఆ గొలుసులో మొదటి కొక్కెం తీస్తే ఏమవుతుందో ఆయన పాఠశాలలు పెట్టి చూపించారు. వీళ్ళ ఫోటోలు మన స్టడీ హాల్లో ఉన్నాయి. ఫోటోకు దండ వేయడం ఒక రోజు పని. వాళ్ళు ఆలోచించిన తీరును పట్టుకోవడం ఏడాది పొడుగునా చేయాల్సిన పని.

ఏం చేద్దాం?

మా సూచన చిన్నది. ఖర్చు లేనిది. వారానికి ఒక సాయంత్రం, స్టడీ అవర్స్‌లో ఒక్క గంట తర్కానికి ఇద్దాం. ఒక సుద్దముక్క, నల్లబల్ల చాలు. ఆ వారం పేపర్లో వచ్చిన ఒక వాక్యమో, నోటీసు బోర్డు మీది ఒక నిబంధనో, ఒక నాయకుడి ప్రసంగంలోని మాటో బల్ల మీద రాయాలి. మూడు ప్రశ్నలు వేయాలి. ఇందులో ఉన్నది 'తే'నా, 'తేనే'నా? దీని నుంచి ఏది తేలుతుంది, ఏది తేలదు? అసలు మొదటి మాట నిజమేనా? పీజీ చదివే సీనియర్లు వంతుల వారీగా వచ్చి నడిపించవచ్చు. మేము సిద్ధం.

ఇంగ్లీషు, కంప్యూటరు ముందు నేర్పాలి గానీ ఇదెందుకు అని కొందరు అడగొచ్చు. ఇది వాటికి పోటీ కాదు. కంప్యూటర్ ప్రోగ్రాం రాయడమంటేనే 'ఇలా అయితే ఇది చెయ్యి, కాకపోతే అది చెయ్యి' అని చెప్పడం. ఇది నేర్చినవాడికి అది సులువవుతుంది. తర్కం నేర్పితే పిల్లలు పెద్దల మాటకు ఎదురు చెబుతారని ఇంకొందరు భయపడొచ్చు. నిజమైన మాటకు తర్కం ఎదురు చెప్పదు. మాట నిజం కానప్పుడు ఎదురు చెప్పడమే పెద్దలకు మేలు. మన వార్డెన్ సార్లు, ట్యూటర్లు దీన్ని సహృదయంతో అర్థం చేసుకుంటారని నమ్ముతున్నాం.

మన ముందు తరాలకు అక్షరం అందనివ్వలేదు. అందుకే ఎవరు ఏ షరతు చెప్పినా, దాని నుంచి ఎవరు ఏ ముగింపు లాగినా వేలిముద్ర వేసి రావాల్సి వచ్చింది. మనకు అక్షరం వచ్చింది. సంతకం పెట్టడం వచ్చింది. ఇక సంతకం పెట్టేముందు ఆ కాగితంలోని 'అయితే' దగ్గర ఆగి, "దీని నుంచి మీరు చెప్పేది తేలుతుందా?" అని అడగడం కూడా రావాలి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఈ గంట గురించి ఒక జూనియర్ తమ్ముడో చెల్లెలో రాయాలని, ఈ వ్యాసంలో మేము లాగిన ముగింపుల్లో ఏవైనా చెల్లనివి ఉంటే వేలుపెట్టి చూపించాలని కోరుకుంటున్నాం.